ఉన్నికి ఇంట్లోనే రంగు వేయడం: మన బోరు నీళ్లు పనికొస్తాయా?

కదురు_కావలి:
తకిలి మీద పత్తి వడకడం చేతికి అలవాటయ్యాక ఇప్పుడు ఉన్ని మీద మనసు పోయింది. మన నెల్లూరు జాతి గొర్రెల ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకే తప్ప వడకదగిన ఉన్ని కాదు కనుక, రాజస్థాన్ నుంచి కడిగి దువ్విన తెల్ల ఉన్ని తెప్పించుకున్నాను. దారం తీశాక కాకుండా వడకబోయే ముందే రంగు వేయాలని నా ఆలోచన. ఇంట్లో నూలు చీరలకు వాడే రంగు పొట్లాలు, చాకలి సోడా ఉన్నాయి. అవి సరిపోతాయా? మా బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగ కట్టదు. దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

మగ్గం_నీడ:
నూలుకు రంగు వేసే ఇంట్లో పెరిగినవాడిగా ముందు ఈ మాట చెప్పాలి. ఆ సోడాను ఉన్ని దగ్గరకు రానివ్వకండి. ఉన్ని మన తలవెంట్రుకలాగే మాంసకృత్తులతో ఏర్పడింది. క్షారం దానికి పడదు. చాకలి సోడా కన్నా ఘాటైన కాస్టిక్ సోడా కలిపి మరిగించిన నీటిలో వేస్తే రంగు పట్టడం అటుంచి ఉన్నే కరిగిపోతుంది. పట్టుకూ ఉన్నికీ వాడే ఆసిడ్ రంగులు వేరుగా దొరుకుతాయి. పేరు విని జంకనక్కరలేదు, వాటిని పట్టించడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు.

పినాకిని_తీరం:
నేను పాటించే పద్ధతి చెబుతాను. వంద గ్రాముల ఉన్నిని గోరువెచ్చని నీటిలో అరగంట నానబెడతాను. పొడిగా వేస్తే లోపలి పొరలకు రంగు అందదు. మధ్యస్థమైన ఛాయకు ఒక గ్రాము రంగుపొడి, ఒక చెంచా నిమ్మ ఉప్పు సరిపోతాయి. ఉన్నిని దించాక సన్నని సెగ మీద నీటిని మెల్లగా 85 డిగ్రీల దాకా తెచ్చి, అరగంటకు పైగా అదే వేడిలో ఉంచుతాను. నీళ్లు కుతకుత ఉడకకూడదు, గరిటెతో తిప్పకూడదు. వేడి నీటిలో కదిలించినా, వేడి మీదున్న ఉన్నిని చన్నీళ్లలో ముంచినా పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని అట్టకడతాయి, ఇక వడకడానికి రావు. రంగంతా ఉన్నిలోకి దిగి నీళ్లు తేటపడితే పని అయినట్టే. పొయ్యి ఆపి, తెల్లవారేదాకా గిన్నెలోనే చల్లారనివ్వండి.

ఒకే ఛాయ సమంగా కావాలనుకుంటే నిమ్మ ఉప్పును చివరలో, విడతలుగా కలపాలి. మొదటే కలిపితే రంగు తగిలిన చోటే పట్టేసి మచ్చలు మచ్చలుగా వస్తుంది. చీరకైతే అది లోపమే కానీ, వడికేవారికి ఆ మచ్చలే వరం. దారం సాగేకొద్దీ ముదురు, లేత ఛాయలు వాటంతట అవే మారుతూ వస్తాయి. నేనైతే సమంగా రావాలని ప్రయత్నించడమే మానేశాను.

దర్శి_చెలమ:
నీళ్ల గురించి అడిగారు కనుక చెబుతున్నాను. మా వైపు బోరు నీళ్లలో సున్నపు గుణం ఎక్కువ, క్షారమూ ఉంటుంది. అందువల్ల నిమ్మ ఉప్పు కొంత ఎక్కువ పడుతుంది. లిట్మస్ కాగితం ముంచి చూసుకుంటే అంచనా తప్పదు. ఉతకడానికి సబ్బు బదులు కుంకుడుకాయ రసం వాడండి, గట్టి నీటిలో సబ్బు వదిలే తెల్లటి జిడ్డు దానితో రాదు. నీళ్లలో ఇనుము ఉంటే మాత్రం లేత రంగులన్నీ మసకబారతాయి. వాటికి వాననీళ్లు పట్టి ఉంచుకోవడమే మంచిది.

అయితే ఆ సున్నపు గుణమే కొన్ని చెట్టు రంగులకు మేలు చేస్తుంది. మంజిష్ఠ, మన సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపు, కాల్షియం ఉన్న నీటిలో ఇంకా నిండుగా వస్తుంది. ముందుగా వంద గ్రాముల ఉన్నికి పన్నెండు గ్రాముల పటిక చొప్పున కరిగించిన నీటిలో గంటసేపు సన్నని సెగ మీద ఉంచాలి. నూలుకు వాడినట్టు కరక్కాయ ఇక్కడ అక్కరలేదు.

ఒంగోలు_వాకిలి:
పసుపుతో మొదలుపెడితే ఖర్చు తక్కువ కదా అని నా అభిప్రాయం. పటిక లేకపోయినా పడుతుంది.

దర్శి_చెలమ:
పడుతుందమ్మా, కానీ నిలవదు. వెలుతురుకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. చేయి తిరగడానికి ఒకసారి వేసి చూడవచ్చు. నిలిచే పసుపుపచ్చకు పటిక పట్టించిన ఉన్ని మీద దానిమ్మ తొక్కలు నయం.

కదురు_కావలి:
అందరికీ కృతజ్ఞతలు. పాత సత్తు గిన్నె ఒకటి పక్కన పెట్టుకున్నాను, దాన్ని వాడవచ్చా?

పినాకిని_తీరం:
వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. ఇత్తడి, ఇనుము కూడా రంగును మారుస్తాయి. స్టీలు గిన్నె ఒకటి దీనికే కేటాయించి, మళ్లీ వంటకు వాడకండి. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆరబెట్టేటప్పుడు పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడన పరచండి. ఇప్పటి ఎండలకు నీడలోనే పూట తిరగకుండా ఆరిపోతుంది.