స్ప్లైసింగ్ (ఆర్‌ఎన్‌ఏలోంచి ఇంట్రాన్లనే ముక్కలు కోసేసి, మిగిలే ఎక్సాన్లను అతికించడం) చోటు తప్పకుండా కాపాడేది మొదటి గుర్తింపా, తర్వాతి తనిఖీయా?

ఎక్సాన్‌మిత్ర: మనిషి కణాల్లో మొదటి గుర్తింపుదే సింహభాగం అంటాను. ఇంట్రాన్ చివర యు2ఏఎఫ్65 ప్రొటీన్ పిరిమిడిన్ల (యూ, సీ అక్షరాల) వరుసను, యు2ఏఎఫ్35 దాని తర్వాత వచ్చే ఏజీ అక్షరాల జంటను పట్టుకుంటాయి. వేల అక్షరాల ఇంట్రాన్‌లో ఏజీలు కోకొల్లలు. అసలు ఎక్సాన్ ఏదో చూపేది దాని మీద కూర్చునే ఎస్‌ఆర్ ప్రొటీన్లే. ఎస్‌ఎంఎన్2 జన్యువు ఏడో ఎక్సాన్‌లో ఆరో అక్షరం సీ బదులు యూ అయింది, అంతే! ఎక్కువ ప్రతుల్లో ఆ ఎక్సాన్ జారిపోతోంది.

లారియట్77: అక్కడ 6, 8 ఎక్సాన్ల అసలు చోట్లే అతుక్కుంటున్నాయి కదండీ. అది ఎంపిక మారడం, పొరపాటు కాదు. పొరపాటంటే పక్క ఏజీ దగ్గర కోయడం. ఈస్ట్‌లో బ్రాంచ్ (ఇంట్రాన్ మొదలు వంగి అతుక్కునే చోటు) దగ్గరి ఏ అక్షరాన్ని సీగా మారిస్తే ఆ అతుకు వేసే మొదటి చర్య నెమ్మదిస్తుంది. ఆలోగా పీఆర్‌పీ16 అనే ఎంజైమ్ ఏటీపీని (కణం ఇంధనాన్ని) విడగొట్టి ఆ ఆర్‌ఎన్‌ఏను పక్కకు నెట్టేస్తుంది. పీఆర్‌పీ16నే మందగింపజేస్తే లోపమున్నదీ గట్టెక్కుతుంది. ఎక్సాన్లు అతికే దశలో ఇదే కాపలా పీఆర్‌పీ22ది.

ఎక్సాన్‌మిత్ర: ఈస్ట్‌లో ఇంట్రాన్లు సుమారు 300, బ్రాంచ్ వరుస దాదాపు అన్నిట్లో యూఏసీయూఏఏసీయే. మన బ్రాంచ్ వరుసలు అంత వదులుగా ఉంటే ఆ కొలత ఇక్కడ నప్పదు.

నీలిజెల్: మనిషిలోనే ఉదాహరణ ఉంది. ఎస్‌ఎఫ్3బీ1 ప్రొటీన్‌లో 700వ లైసిన్ గ్లూటమేట్‌గా మారితే దానికి ఎస్‌యూజీపీ1 ప్రొటీన్‌తో పట్టు సడలుతుంది. డీహెచ్‌ఎక్స్15ను, అంటే ఈస్ట్‌లోని పీఆర్‌పీ43 ఎంజైమ్‌కు మనిషిలోని జోడీని, ప్రేరేపించేది ఆ ఎస్‌యూజీపీ1యే. పట్టు పోతే ఎగువ బ్రాంచ్ వాడి, అసలు చోటుకు 10–30 అక్షరాల ముందున్న ఏజీ దగ్గర కోత పడుతుంది. ఏజీని చూసే యు2ఏఎఫ్35 అక్కడ బాగానే ఉంది మరి.

ఎక్సాన్‌మిత్ర: ఆ ఉదాహరణ ఒప్పుకుంటాను. కానీ అది యు2 (బ్రాంచ్‌ను పట్టుకునే సముదాయం) కూర్చునే దశ, లారియట్77 చెప్పిన పీఆర్‌పీ16 దశ కాదు. అయినా డీహెచ్‌ఎక్స్15ను మూడు రోజులు తగ్గించి చూస్తే కణమంతా కకావికలమవుతుంది. తనిఖీ పోయినందుకా, ఇంకేదైనా కారణమా, ఎలా తేలుస్తారు?

నీలిజెల్: డీగ్రాన్ (ప్రొటీన్‌ను త్వరగా నాశనం చేయించే తోక) తగిలించి గంటల్లో డీహెచ్‌ఎక్స్15ను తీసేయండి. తప్పు ఆర్‌ఎన్‌ఏలను నాశనం చేయించే యూపీఎఫ్1ను కూడా తగ్గించండి, లేదా ప్రొటీన్ తయారీని ఆపి ఆ నాశనాన్ని అడ్డుకునే సైక్లోహెక్సిమైడ్ మందు ఇవ్వండి. తప్పు కోతల్లో చాలావాటికి చివరి అతుకుకు 50–55 అక్షరాలకన్నా ముందే స్టాప్ కోడాన్ వచ్చి, అవి లెక్కకు అందకుండానే నాశనమవుతాయి. అందుకే మామూలు ఆర్‌టీ-పీసీఆర్‌లో (ఆర్‌ఎన్‌ఏ ప్రతులను పెంచి జెల్‌పై చూసే పరీక్షలో) జెల్ తరచూ శుభ్రంగా కనబడుతుంది.