బిల్లీ మార్టిన్ గొప్ప మేనేజరా, ఒట్టి కోపిష్టా?

ప్రశ్న:
అమెరికన్ బేస్‌బాల్‌లో ఓక్లాండ్ ఏస్ టీమ్ ఆటగాడు రికీ హెండర్సన్ 1982లో 130 బేస్‌లు స్టీల్ చేశాడని (అంటే బంతిని ఎవరూ కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరాడని) చదువుతుంటే, అప్పటి ఆ టీమ్ మేనేజర్ బిల్లీ మార్టిన్ అని తెలిసింది. ఆయన గురించి వెతికితే ఎక్కడ చూసినా గొడవలే. న్యూయార్క్ యాంకీస్ ఒక్కటే ఆయన్ని ఐదుసార్లు మేనేజర్‌గా పెట్టుకుందట! అంత కోపిష్టిని మళ్లీ మళ్లీ ఎందుకు పిలిచారండీ?

జవాబు 1:
ఆయన వస్తే టీమ్ ఆ ఏడాదే మారిపోయేది, అందుకు. టెక్సస్ రేంజర్స్ 1973లో 105 మ్యాచ్‌లు ఓడింది. మరుసటి ఏడాది పూర్తి సీజన్ ఆయన చేతికొస్తే 84 గెలిచి డివిజన్‌లో (తన గ్రూపులో) రెండో స్థానానికి వచ్చింది. ఓక్లాండ్ 1979లో 108 ఓడింది, 1980లో ఆయన వచ్చాక 83 గెలిచింది.

నాకు మాత్రం ఆయన ముందు ఆటగాడిగానే నచ్చాడు. 1952 వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్) ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్. ఆయన యాంకీస్ తరఫున ఆడుతున్నాడు. బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, అప్పటికి ఇద్దరు అవుట్. అవతలి టీమ్ ఆటగాడు జాకీ రాబిన్సన్ కొట్టిన బంతి ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల మధ్య మైదానం) మీదే గాల్లోకి లేచింది. ఫస్ట్ బేస్‌మన్ కదల్లేదు. రన్నర్లంతా పరుగు మొదలెట్టేశారు, బంతి నేల మీద పడితే రన్‌లు వచ్చేసేవే. సెకండ్ బేస్ దగ్గర్నుంచి మార్టిన్ పరిగెత్తుకొచ్చి దాన్ని మోకాళ్ల ఎత్తులో అందుకున్నాడు! అలాంటి మనిషికి ఎవరైనా మెల్లగా కదిలితే ఒళ్లు మండేది. యాంకీస్ మేనేజర్‌గా ఉన్నప్పుడు, 1977 జూన్ 18న బోస్టన్‌లో తన ఆటగాడు రెజ్జీ జాక్సన్ బంతి కోసం నింపాదిగా వెళ్లాడనిపించి, ఇన్నింగ్స్ మధ్యలోనే బయటికి పిలిచేశాడు. డగౌట్‌లో (టీమ్ కూర్చునే చోట) ఇద్దరూ కొట్టుకోబోతే కోచ్‌లు యోగీ బెర్రా, ఎల్‌స్టన్ హోవర్డ్ అడ్డం పడ్డారు. టీవీలో దేశమంతా చూసింది. ఆ అక్టోబర్‌లో అదే టీమ్ వరల్డ్ సిరీస్ గెలిచింది.

జవాబు 2:
పిచర్ల (బంతి వేసేవాళ్ల) సంగతి వదిలేశారు. 1980లో ఓక్లాండ్ స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) 162 మ్యాచ్‌లలో 94 చివరిదాకా తామే వేశారు. రిక్ లాంగ్‌ఫర్డ్ ఒక్కడే 28. ఈ మధ్య సీజన్లలో ముప్ఫై టీమ్‌లూ కలిపినా అన్ని రావడం లేదు. ఆ కుర్రాళ్ల చేతులు తర్వాత నిలబడలేదు, ఆ భారం వల్లేనని నా నమ్మకం. 1982లో, అంటే హెండర్సన్ రికార్డు కొట్టిన ఏడాదే, టీమ్ 94 ఓడింది. మార్టిన్‌ని తీసేశారు.

జవాబు 1 రాసినవారు:
పిచర్ల విషయంలో మీతో వాదించను, నాకూ అది బాధే. ఐదుసార్ల సంగతికొస్తే, 1978 జూలైలో ఆయన కన్నీళ్లు పెట్టుకుని యాంకీస్‌కి రాజీనామా చేశాడు. ఐదు రోజులకే, పాత ఆటగాళ్ల వేడుకలో, 1980లో మళ్లీ ఆయనే మేనేజర్ అని స్టేడియంలో ప్రకటించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతవరకూ కూడా ఆగలేక 1979లోనే పిలిచారు. ఆయనకైనా ఆ చొక్కా అంటే ప్రాణం. 1957లో తనను కాన్సస్ సిటీ టీమ్‌కి పంపేస్తే, తండ్రిలా చూసుకున్న అప్పటి యాంకీస్ మేనేజర్ కేసీ స్టెంగెల్‌తో ఏళ్ల తరబడి మాట్లాడలేదు. 1986లో క్లబ్ ఆయన 1వ నంబర్ చొక్కా ఇంకెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. 1988లో ఐదోసారి పిలిచి, జూన్‌లో మళ్లీ తీసేసింది.