పీ950 కొన్నాను, ఫుల్ జూమ్‌లో పిట్టలన్నీ మసకగా వస్తున్నాయి. తప్పు నాదా, కెమెరాదా?

బ్రాడీపేట బాబు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఫోన్‌తోనే ఫోటోలు తీసేవాణ్ని. పోయిన నెల చేతిలో నాలుగు డబ్బులు పడగానే ఇంట్లో చెప్పకుండా నికాన్ కూల్‌పిక్స్ పీ950 కొనేశాను (ఇప్పుడు తెలిసింది, ఆ గొడవ వేరే). 83 రెట్ల జూమ్, 2000 ఎంఎం అని చూసి ఆశపడ్డా. మాకు దగ్గర్లోనే ఉప్పలపాడు చెరువుంది కదా, ఆదివారం పదకొండింటికి తీరిగ్గా టిఫిన్ తిని వెళ్లి, గట్టు మీద నిలబడి గూడబాతుల్నీ (పెలికాన్లు) ఎర్రకాళ్ల కొంగల్నీ రెండొందలకు పైగా ఫోటోలు తీశా. కెమెరా వెనక స్క్రీన్‌లో చూస్తే బ్రహ్మాండం. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో వేస్తే ఒక్కటీ పనికిరాలేదు. ఈకలు ఈకల్లా లేవు, సున్నం పూసినట్టున్నాయి. కొన్నింట్లో పిట్ట వెనక కొమ్మ స్పష్టంగా ఉంది, పిట్ట మాత్రం లేదు.

ఆటోలోనే పెట్టా, అన్నీ చివరిదాకా జూమ్ చేసే తీశా. ఇంకో అనుమానం, లెన్స్ చుట్టూ 4.3-357 అని రాసుంది, పెట్టె మీదేమో 2000 అంటారు. ఇదేం లెక్క? చంద్రుణ్ణి తీస్తే తెల్లటి ఇడ్లీలా వచ్చాడు. కెమెరా తిరిగిచ్చేయమంటారా? ఇంకా రెండు రోజులే టైముంది.

పిట్టలపిచ్చి:
తిరిగివ్వకు తమ్ముడూ, కెమెరాకేం కాలేదు. నేను 2016 నుంచి పీ900 వాడా, తర్వాత పీ950కి వచ్చా. నువ్వు చేసినవన్నీ నేనూ చేసినవాణ్నే, నేనైతే ఒకటిన్నర నెల చేశా.

మొదటి తప్పు టైము. పదకొండింటికి ఎండ నడినెత్తి మీదుంటుంది, గట్టు వేడెక్కుతుంది, నీళ్ల మీంచి సెగ లేస్తుంది. పెనం మీద గాలి వణుకుతుంది చూడు, సరిగ్గా అదే. మామూలు కంటికి తెలీదు కానీ 2000 దగ్గర ఆ వణుకంతా ఫోటోలోకి వస్తుంది, దానికి ఏ లెన్సూ ఏమీ చెయ్యలేదు, లక్షలు పోసి కొన్నది కూడా. తెల్లారి ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపల తియ్యి, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక. మబ్బు పట్టిన రోజైతే తెల్ల పిట్టలకి ఇంకా మంచిది, ఎందుకంటే గూడబాతు వీపు ఎండలో తీస్తే తెల్లగా పేలిపోయి ఈకల వివరం పోతుంది. నువ్వు సున్నం అన్నది సగం ఇదే అయ్యుంటుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగుని పెంచే తగ్గించే సెట్టింగు) మైనస్ 0.7 పెట్టి చూడు.

రెండోది ఆటో. ఆటోకి నువ్వు పిట్టని తీస్తున్నావో పెళ్లిని తీస్తున్నావో తెలీదు. డయల్ మీద పిట్ట బొమ్మ ఉంటుంది, మొదటి వారం అందులో పెట్టుకో, చాలు. తర్వాత ఎస్ మోడ్‌కి (షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో మనమే పెట్టేది) వచ్చి కొమ్మ మీద కూచున్న పిట్టకి 1/320 సెకను, ఎగిరేదానికి 1/1000 పెట్టు. ఐఎస్ఓ, అంటే వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలనే అంకె, 800 దాటనివ్వకు. దాటితే కెమెరా నాయిస్ (ఇసక చల్లినట్టు వచ్చే చుక్కలు) తుడిచే ప్రయత్నంలో ఈకల్ని కూడా తుడిచేస్తుంది. లెన్స్ చివరికి జూమ్ చేస్తే ఎలాగూ ఎఫ్ 6.5కి దిగిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్‌లో వెలుగొచ్చే సందు చిన్నదవుతుంది), దాన్ని ఎఫ్ 8 చేస్తే ఇంకా షార్ప్ అవుతుందని యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని చెయ్యకు. పెద్ద కెమెరాలకి ఆ మాట నిజమే, ఇంత చిన్న సెన్సార్‌కి (వెలుగుని ఫోటోగా మార్చే చిప్పు) రివర్సు, సందు చిన్నదయ్యేకొద్దీ వెలుగు చెదిరి ఫోటో ఇంకా మెత్తబడుతుంది.

మూడోది ఫోకస్. నీ కెమెరా ఇప్పుడు దానంతటదే ఏదో ఒకటి పట్టుకుంటోంది, కొమ్మ దగ్గరగా కనిపిస్తే కొమ్మనే పట్టుకుంటుంది. మెనూలో ఏఎఫ్ ఏరియా దగ్గర మాన్యువల్ స్పాట్ పెట్టి, ఆ చిన్న గడిని పిట్ట కంటి మీద పెట్టి సగం నొక్కు. సగం నొక్కి ఒక్క క్షణం ఆగు, ఆకుపచ్చ వచ్చాకే మిగతా సగం. కొత్తలో అందరం దబాల్న నొక్కేస్తాం.

ఇంకోటి, జూమ్ చేస్తుంటే స్క్రీన్ మీద పట్టీ నీలం రంగుకి మారుతుందే, అక్కడ లెన్స్ పని అయిపోయిందని అర్థం. ఆ తర్వాతదంతా సాగదీత, పసుపు వచ్చిందంటే మరీ సాగదీత. డిజిటల్ జూమ్ ఆఫ్ చేసి పారెయ్.

లెన్స్ క్యాప్ మామ:
ఒక్క ప్రశ్న. షాపువాడు ముందు యూవీ ఫిల్టర్ ఏమైనా బిగించాడా?

బ్రాడీపేట బాబు:
బిగించాడండీ! గీతలు పడకుండా ఉంటుందని 600 తీసుకున్నాడు. అది తియ్యొచ్చా?

లెన్స్ క్యాప్ మామ:
తీసి మళ్లీ అదే పిట్టని తియ్యి. చవక గాజు ముక్క జూమ్ చెయ్యకుండా 24 ఎంఎం దగ్గర ఏమీ చెయ్యదు, 2000 దగ్గర ఒక్కోసారి మొత్తం పాడు చేస్తుంది. నాకు అంటగట్టినవాడైతే వెయ్యి తీసుకున్నాడు, నువ్వు నయం.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, నీ 357 లెక్క నేను చెబుతాను, ముప్పై రెండేళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కాబట్టి కాస్త ఓపిక పట్టు. రెండు అంకెలూ నిజమే. నీ కెమెరా లోపలి సెన్సార్ వెడల్పు దాదాపు 6.2 మిల్లీమీటర్లు, అంటే ఓ కందిగింజంత. పాత ఫిల్మ్ ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు. రెంటినీ మూల నుంచి ఎదుటి మూలకి కొలిచి పోలిస్తే ఇది సుమారు 5.6 రెట్లు చిన్నది. 357ని 5.6తో గుణించు, 2000 వస్తుంది. అంటే పెద్ద ఫ్రేము కెమెరాకి 2000 ఎంఎం లెన్స్ పెడితే ఎంత ముక్క కనిపిస్తుందో నీకూ అంతే కనిపిస్తుంది. నిజంగా అంత లెన్స్ ఉంటే మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి, నీదేమో కిలో. ఆ సౌలభ్యానికి ధరగా కందిగింజ మీద పడే వెలుగు తక్కువ. పెద్ద ఫ్రేము వైశాల్యంలో ముప్పయ్యో వంతు ఉంటుంది. అందుకే ఈ కెమెరాకి వెలుతురు ఉంటే రాజభోగం, లేకపోతే పస్తు.

ఇక చంద్రుడు. పౌర్ణమి నాడు తియ్యకు. వెలుగు ఎదురుగా పడి నీడలుండవు, నువ్వన్నట్టు ఇడ్లీయే వస్తుంది. శుక్ల పక్షం అష్టమి నాడు సాయంత్రం తియ్యి, సగం చంద్రుడి మధ్య గీత వెంబడి గుంటల నీడలు పొడుగ్గా పడి ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. డయల్ మీద చంద్రుడి బొమ్మ ఉంది, అది వాడు. నువ్వే పెట్టుకుంటానంటే ఐఎస్ఓ 100, పౌర్ణమికి 1/250, అష్టమికి 1/100 దగ్గర మొదలుపెట్టు. ట్రైపాడ్ మీద పెట్టి రెండు సెకన్ల టైమర్ వెయ్యి. ఫుల్ జూమ్‌లో చంద్రుడు ఫ్రేము ఎత్తులో మూడింట రెండొంతులు నిండిపోతాడు, రెండు నిమిషాల్లో తనంత దూరం జరుగుతాడు. ఫ్రేములోంచి జారిపోతున్నాడని కంగారు పడకు, తిరిగేది మనమే.

సూర్యుడి మీదికి మాత్రం సోలార్ ఫిల్టర్ లేకుండా తిప్పవద్దు. సెన్సార్ కాలిపోతుంది.

పిట్టలపిచ్చి:
మాస్టారూ ట్రైపాడ్ చంద్రుడికి సరే, పిట్టలకి వద్దనే నేనంటాను. ట్రైపాడ్ తల తిప్పేలోపు లకుముకి పిట్ట నీళ్లలో మునిగి చేపతో సహా వెళ్లిపోతుంది.

రిటైర్డ్ మాస్టారు:
నీ వయసుకి చేతులు వణకవు నాయనా. నాకు వణుకుతాయి.

కొల్లేటి గట్టు:
ఇద్దరికీ మధ్యేమార్గం. పాత జీన్స్ ప్యాంటు కాలు జానెడు కత్తిరించి, ఒక వైపు కుట్టి, రెండు కిలోల కందులు పోసి రెండో వైపు కూడా కుట్టేశాను. గోడ మీదో కారు కిటికీ మీదో వేసి పైన లెన్స్ ఆనిస్తే కదలదు, పిట్ట ఎటు తిరిగితే అటు తిప్పొచ్చు. మా ఆవిడ కందిపప్పు కోసం వెతికి వెతికి దాన్నే విప్పబోయింది ఒకసారి. ట్రైపాడ్ మీద పెడితే మాత్రం వీఆర్ (చేతి వణుకుని సర్దే సదుపాయం) ఆఫ్ చేసుకో, చేత్తో పట్టుకుంటే ఆన్.

కొల్లేటి దగ్గర ఆటపాకలో పడవ మీంచి తీసేటప్పుడు ఇవేవీ పనిచెయ్యవు, అక్కడ జూమ్ సగానికి తగ్గించి షట్టర్ పెంచుకోవడమే. అసలు ఈ కెమెరాతో మంచి ఫోటోలన్నీ నాకు 600 నుంచి 1200 మధ్యలోనే వచ్చాయి. చివరంటా జూమ్ పిట్ట ఏదో గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ఫ్రేములో పిట్ట తప్పిపోతే లెన్స్ పక్కనున్న స్నాప్ బ్యాక్ బటన్ నొక్కి పట్టుకో, జూమ్ వెనక్కొచ్చి చుట్టుపక్కలంతా కనిపిస్తుంది, పిట్టని మధ్యలోకి తెచ్చుకుని వదిలితే మళ్లీ అక్కడికే వెళ్తుంది. ఆ బటన్ కోసమైనా కెమెరా ఉంచుకో.

బ్రాడీపేట బాబు:
అందరికీ థాంక్స్, ఉంచేసుకున్నా. ఇవాళ తెల్లారే వెళ్లా. ఆరూ నలభైకి గట్టు మీదున్నా, ఫిల్టర్ తీసేశా, పిట్ట బొమ్మ మోడ్, జూమ్ వెయ్యి దగ్గర ఆపా. నలభై తీస్తే ఏడు బాగున్నాయి. ఒకదాంట్లో గూడబాతు పక్కకి తిరిగి కూచుంది, పై ముక్కు అంచు పొడుగునా నీలం చుక్కలున్నాయి! ఇన్నేళ్లుగా ఆ చెరువు చూస్తున్నా, ఆ చుక్కలున్నాయని నాకు తెలీదు. ఇంట్లో చూపించా. "బాగుంది, ఎంత పెట్టావన్నావు?" అని మళ్లీ అడిగింది.

ఇంకొక్కటే. ఎగిరేటప్పుడు నొక్కి పట్టుకుంటే గబగబా పది పడి కెమెరా బిగుసుకుపోతోంది, కార్డు మార్చాలా?

పిట్టలపిచ్చి:
కార్డుతో పెద్దగా తేడా రాదు, సెకనుకి ఏడు చొప్పున పది పడ్డాక అది రాసుకుంటూ కూచుంటుంది, అంతే. రా (RAW, కుదించని పెద్ద ఫైలు) ఫార్మాట్ కూడా పెట్టావేమో చూడు, ఇంకా లేటవుతుంది, ఇప్పటికి జేపెగ్ చాలు. నొక్కి పట్టుకోకుండా మూడేసి తీసి వేలు తియ్యి. రెక్కలు పైకి లేచే ముందు పిట్ట కాస్త ముందుకి వంగుతుంది, అప్పుడు నొక్కు. ఇంకో బ్యాటరీ కొనుక్కో, ఇంట్లో చెప్పి.