రెండో డ్రైవ్‌లో ఉబుంటు వేస్తే మొదటి డ్రైవ్‌లోని విండోస్‌కి ఏమైనా అవుతుందా?

ప్రశ్న:
నా ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 నడుస్తోంది. ఇంకో స్లాట్ ఖాళీగా ఉంటే 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టాను, ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) అందులో వేద్దామని. పెన్‌డ్రైవ్ కూడా రెడీ. పనంతా విండోస్‌లోనే ఉంది, దానికేమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండో డ్రైవ్ ఎంచుకుంటే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. సిస్టమ్ ఫైళ్లు మీరు చెప్పిన డ్రైవ్‌లోకే వెళ్తాయి, చిక్కంతా బూట్‌లోడర్‌తోనే, అంటే ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్‌తో. విండోస్ డ్రైవ్‌లో ఇప్పటికే ఒక ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్‌లోడర్లు ఉండే చిన్న భాగం) ఉంటుంది కదా, ఉబుంటు 22.04 వరకూ ఉన్న ఇన్‌స్టాలర్ మీరు రెండో డ్రైవ్ చూపించినా సరే తన బూట్‌లోడర్ అయిన గ్రబ్‌ని తీసుకెళ్లి అందులోనే పెట్టేస్తుంది. పైకి అంతా బాగానే నడుస్తుంది, కానీ ఎప్పుడైనా ఆ విండోస్ డ్రైవ్ తీసేస్తేనో ఫార్మాట్ చేస్తేనో ఉబుంటు లేవదు. కొత్త వెర్షన్ అయినా నేనైతే నమ్మను. ఇన్‌స్టాల్ అయ్యేదాకా మొదటి ఎస్‌ఎస్‌డీ విప్పి పక్కన పెట్టండి, లేదా బయోస్‌లో (ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్ సెట్టింగ్స్‌లో) ఆ స్లాట్ ఆపే వీలుంటే ఆపండి. కనిపించని డ్రైవ్ జోలికి ఏ ఇన్‌స్టాలరూ పోదు.

జవాబు 2:
అందరూ మూత విప్పలేరు కదా. ఇంకో దారి ఉంది. ఉబుంటు లైవ్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి) జీపార్టెడ్ అనే పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్ తెరిచి విండోస్ ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఉన్న బూట్, ఈఎస్‌పీ ఫ్లాగులు (ఇది ఈఎఫ్ఐ పార్టిషన్ అని చెప్పే గుర్తులు) తీసేసి, రెండో డ్రైవ్‌లో జీపీటీ రకం పార్టిషన్ టేబుల్ పెట్టి ఫ్యాట్32 ఫార్మాట్‌లో 1 జీబీ ఈఎఫ్ఐ పార్టిషన్, మిగతాది ఉబుంటు కోసం ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో చేసుకోండి. పని అయ్యాక ఆ ఫ్లాగులు మళ్లీ పెట్టడం మర్చిపోవద్దు. అన్నిటికన్నా ముందు బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ దాచుకోండి, మీరు ఆన్ చేయకపోయినా విండోస్ 11లో ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు, బయోస్‌లో ఏదైనా మారిస్తే ఆ కీ అడుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కీ దాచుకున్నాను. కానీ జీపార్టెడ్‌లో 1 టీబీ డ్రైవ్ ఒక్కటే కనిపిస్తోంది, విండోస్ ఎస్‌ఎస్‌డీ అసలు లేదు! పోయిందా?

జవాబు 1:
ఏమీ పోలేదు, కంగారు పడకండి. బయోస్‌లో స్టోరేజ్ మోడ్ (డ్రైవ్‌లని నడిపే పద్ధతి) ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అని ఉండి ఉంటుంది, చూడండి. ఆ మోడ్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవ్, అంటే మీ విండోస్ డ్రైవ్, లినక్స్‌కి కనిపించదు. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చమని చాలామంది చెప్తారు, అలా నేరుగా మార్చితే విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది, ముందు సేఫ్ మోడ్ పెట్టుకుని మార్చాలి. అసలు మీకు ఆ అవసరమే లేదు, విండోస్ డ్రైవ్ ఇన్‌స్టాలర్‌కి కనిపించకూడదనే కదా మనం కోరుకున్నది, అలాగే ఇన్‌స్టాల్ చేసేయండి. కాకపోతే గ్రబ్ మెనూలో విండోస్ రాదు, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ నొక్కి ఏది కావాలంటే అది ఎంచుకోవాలి. ఉబుంటు నుంచి విండోస్ ఫైళ్లు కూడా తెరవలేరు.

ప్రశ్న అడిగినవారు:
ఫైళ్లు అక్కర్లేదు. వేసేశాను, రెండూ లేస్తున్నాయి, చాలా థాంక్స్ అండీ. ఉబుంటు వాడి వస్తే విండోస్‌లో టైమ్ తప్పు చూపిస్తోంది, అదెందుకు?

జవాబు 2:
హార్డ్‌వేర్ గడియారాన్ని విండోస్ లోకల్ టైమ్‌గా చదువుతుంది, ఉబుంటు యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) రాస్తుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో ఉబుంటుని లోకల్ టైమ్‌కి మార్చేయండి, సర్దుకుంటుంది.