జపాన్ పాస్‌పోర్టులో మా పాప ‘లలిత’గా ఉండాలంటే ఏ పత్రాలు చూపాలి?

నమస్కారం. మేం నగోయాలో ఉంటాం. నా భార్య జపాన్ పౌరురాలు, మా పాపకు నాలుగు నెలలు. మా నాయనమ్మ పేరు లలిత అని పెట్టుకున్నాం. సంక్రాంతికి పాపను రాజమహేంద్రవరం తీసుకెళ్లి ఆమె ఒడిలో పెట్టాలని నా ఆశ.

జపాన్ కుటుంబ రిజిస్టరులో పాప పేరు కటకానా అనే జపాన్ లిపిలో ఉంది. దాన్ని పాస్‌పోర్టులో హెప్‌బర్న్ పద్ధతిలో రోమన్ అక్షరాల్లోకి మారుస్తారు. ఆ పద్ధతిలో ‘ల’ లేదు, ఉన్నది ‘ర’ ఒక్కటే. దరఖాస్తులో మా లలిత ‘రరిత’ అయి కూర్చుంది! నాయనమ్మ పేరు అలా చూసి మనసు చివుక్కుమంది.

విదేశీ మూలం ఉన్న పేర్లకు వేరే స్పెల్లింగు కోరవచ్చు, కానీ ఆధారం చూపాలి. పాప పుట్టింది ఇక్కడే కాబట్టి జనన పత్రంలోనూ కటకానానే ఉంది. పాస్‌పోర్టులో అసలు పేరు పక్కన బ్రాకెట్లలో రెండో స్పెల్లింగు వేయించుకుందామంటే, అది పాస్‌పోర్టు చిప్‌లోకి, కింద యంత్రం చదివే వరుసల్లోకి ఎక్కదు. విమాన టికెట్టు, భారత వీసా దగ్గర ఇబ్బంది వస్తుందని నా భయం. పైగా ఒకసారి నమోదైన స్పెల్లింగును తర్వాత మార్చడం చాలా కష్టం.

ఇలా పిల్లలకు జపాన్ పాస్‌పోర్టు తీసుకున్న తెలుగువారు ఎవరైనా ఉన్నారా? ఆధారంగా ఏం చూపారు? నాయనమ్మ ఓటరు కార్డు పనికొస్తుందా? ఓసీఐ కార్డులో (భారత మూలాలున్న విదేశీ పౌరులకు భారత ప్రభుత్వం ఇచ్చేది) పేరు ఎలా వచ్చింది? దయచేసి మీ అనుభవం చెప్పండి. వచ్చే వారమే దరఖాస్తు ఇవ్వాలి.