పొద్దున పదయ్యేసరికి నెట్‌వర్క్ మొత్తం పడిపోతోంది, స్విచ్ పోయిందా?

కడప సిస్టమ్స్:
ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో సిస్టమ్స్ చూసుకుంటాను. 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) ఒకటి, గదుల్లో అక్కడక్కడా 5 పోర్టుల చిన్న డబ్బాలు (సెట్టింగులు లేని మామూలు స్విచ్‌లు). ఈ మధ్య ఆఫీసు తెరవగానే అంతా ఆగిపోతోంది. ప్రింటర్ దొరకదు, పక్క సిస్టమ్‌కు కూడా పింగ్ (ఉన్నావా అని అడిగే పలకరింపు) పోదు. మెయిన్ స్విచ్ ఆపి వేస్తే కాసేపే, మళ్లీ అదే కథ. సాయంత్రం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఎండకు స్విచ్ పోయిందని, కొత్తది కొనమని మేడమ్ అంటున్నారు. ఫీజులు కట్టే టైము, ఒకటే టెన్షన్.

అనంతపురం కేబుల్:
నెట్ వాళ్లకు ఫోన్ చేయండి. మాకు రూటర్ మారిస్తే సరిపోయింది.

కర్నూలు అన్న:
రూటర్ కాదప్పా. పక్క సిస్టమ్‌కే పింగ్ పోనప్పుడు బయటి లైనుతో పనేముంది? ఎండ దెబ్బయితే మధ్యాహ్నం రెండింటికి పడాలి. ఆఫీసు వేళలు పాటించే స్విచ్‌ను నేనైతే చూడలేదు. లైట్లన్నీ ఒకేసారి టకటకా కొట్టుకుంటున్నాయా? అయితే లూపే, అంటే వైరు ఎక్కడో చుట్టు తిరిగి మళ్లీ అదే స్విచ్‌కు వచ్చి కలిసింది. ఐపీ ప్యాకెట్‌కు ఉన్నట్టు ఈథర్నెట్ ఫ్రేముకు (లోపలి వైర్లలో తిరిగే డేటా ముక్కకు) టీటీఎల్, అంటే ఇన్ని గెంతుల తర్వాత ఆగిపోవాలనే లెక్క, లేదు. ఒక్క ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ (ఈ ఐపీ ఎవరిదని అందరికీ వేసే కేక) అందులో పడిందా, తిరుగుతూనే ఉంటుంది, చుట్టుచుట్టుకీ అన్ని పోర్టులకూ కాపీలు పంపుతూ. స్విచ్ లాగ్ చూడు, ఒకే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకుండే నంబరు) రెండు పోర్టుల మధ్య గెంతుతుంటే దొంగ అక్కడే. స్విచ్ సెట్టింగుల పేజీ తెరుచుకోకపోతే వైర్లు ఒక్కొక్కటే పీకు. ఏది పీకితే లైట్లు నెమ్మదిస్తాయో దాని వెంట పో.

కడప సిస్టమ్స్:
దొరికిందన్నా! 7, 12 పోర్టులు. రెండు వైర్లూ క్యాష్ కౌంటర్ టేబుల్ కింది డబ్బాకే పోతున్నాయి. టేబుల్ జరిపినప్పుడు, వేలాడుతున్న వైరును ఖాళీగా ఉంది కదా అని ఎవరో గుచ్చేశారు. ఆ డబ్బాకు కరెంటు క్లర్కుగారి ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి. రాగానే వేస్తారు, పోతూ ఆపేస్తారు. ఒకటి పీకాను, అంతా లేచింది. కానీ స్విచ్‌లో లూపులు రాకుండా చూసే ఎస్‌టీపీ దీన్ని ఆపాలి కదా?

కర్నూలు అన్న:
ముందు అది ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే, స్విచ్ పంపిన బీపీడీయూ (ఎస్‌టీపీ వాడే సందేశం) ఆ డబ్బాలోంచి తిరిగి దానికే వచ్చి, ఒక పోర్టు మూసుకునేది. పాత ఎస్‌టీపీ వద్దు, పోర్టు లేవడానికే 30 సెకన్లు తింటుంది. దాని వేగమైన రూపం ఆర్‌ఎస్‌టీపీ పెట్టు. కొన్ని చవక డబ్బాలు బీపీడీయూను మింగేస్తాయి, అందుకని లూప్ డిటెక్షన్ ఉంటే అదీ వెయ్యి. రేపు ఇంకో మేనేజ్డ్ స్విచ్ కొంటే, మెయిన్ దాని ప్రయారిటీ (తక్కువ ఉన్నదే గెలుస్తుంది) 32768 నుంచి 4096కు దించు. లేకపోతే మ్యాక్ చిన్నదున్న ఏ పాత పెట్టో రూట్, అంటే ఎస్‌టీపీకి మూల స్విచ్, అయి కూర్చుంటుంది.

కడప సిస్టమ్స్:
ఎస్‌టీపీ ఆఫ్‌లోనే ఉందన్నా. ఆర్‌ఎస్‌టీపీ వేసి, కావాలనే ఆ వైరు మళ్లీ గుచ్చి చూశా. 12 బ్లాక్ అయింది, నెట్ కదల్లేదు. స్విచ్ కొనే ఫైలు మేడమ్ దగ్గర్నుంచి వెనక్కి తెచ్చుకున్నా.