పాత పికప్ వెనక యాక్సిల్ ఏ బండిదో ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది పలాస. జీడిపిక్కల బస్తాలు తోలే పాత బొలెరో పికప్ ఉంది. ఇంతకుముందు ఓనరు వెనక యాక్సిల్ మొత్తం మార్పించారట, ఏ బండిది వేశారో ఆయనకే గుర్తులేదు. యాక్సిల్ హౌసింగ్ (పైతొడుగు) మీద నంబరు తుప్పు పట్టిపోయింది.

యాక్సిలరేటర్ నొక్కితే వెనక గుయ్‌మని మోత, కాలు తీయగానే తగ్గుతోంది. మలుపుల్లో మోత మారట్లేదు కాబట్టి వీల్ బేరింగ్ కంటే క్రౌన్ పినియన్ (యాక్సిల్ మధ్యలో చక్రాలను తిప్పే పళ్ల చక్రాల జత) మీదే నా అనుమానం. పైగా ఎడమ పక్క ఆయిల్ సీల్ కారి బ్రేక్ లైనింగులు తడిసిపోయాయి. అసలు టెన్షన్ అదే. లోడుతో వెళ్తున్నప్పుడు బ్రేకు పట్టకపోతే?

న్యూట్రల్‌లో పెట్టి, ఒక చక్రం నేల మీదే ఉంచి, జాకీతో లేపిన రెండో చక్రాన్ని రెండు పూర్తి చుట్లు తిప్పాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వచ్చే పొడవాటి కడ్డీ) నాలుగు చుట్లు దాటి ఇంకొంచెం తిరిగింది. రేషియో (రెండు చక్రాలూ కలిసి ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో) సుమారుగా తెలిసింది గానీ, అదే రేషియో వేరే యాక్సిళ్లకూ ఉంటుంది కదా. డిఫరెన్షియల్ (క్రౌన్ పినియన్ ఉండే మధ్య భాగం) విప్పి పళ్లు, యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్లు (చివర ఉండే గాడులు) లెక్కపెడితే ఖాయంగా తేలుతుందా? ఇంకేం కొలవాలి?

క్రౌన్, పినియన్ జతగానే మార్చాలని తెలుసు. శ్రీకాకుళంలో గానీ, సాలూరు లారీ షెడ్లలో గానీ షిమ్ములు (పల్చటి రేకులు) వేసి పళ్ల సందు సరిగ్గా సెట్ చేసే మెకానిక్ ఉన్నారా? లేక పాత యాక్సిల్ సెట్టే కొనేయడం మేలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, అంతవరకు లోడు ఎక్కించను.